తాటిచెట్టు ఎక్కి దూడగడ్డి అంటే వీసా ఇవ్వరు

దాదాపు ప్రతి వీసా ఫారంలోనూ ఒక ప్రశ్న ఉంటుంది. దేశాన్ని బట్టి మాటలు కాస్త మారతాయి గానీ సారం ఒకటే: గతంలో ఏ దేశమైనా మీకు వీసా నిరాకరించిందా? నేను 'అవును' మీద టిక్కు పెడతాను. పెట్టగానే కింద ఒక చిన్న పెట్టె తెరుచుకుని వివరాలు రాయమంటుంది. ఎనిమిదేళ్లుగా ఆ పెట్టె నన్ను వదల్లేదు, ఇక వదలదు కూడా.

కథ చిన్నదే. స్నేహితురాలి పెళ్లి, యూరప్‌లో ఒకే వీసాతో తిరగనిచ్చే షెంగెన్ దేశాల్లో ఒకదాంట్లో. పెళ్లికి ముందూ వెనకా కలిపి అక్కడ ఏడు రోజులు, పక్క దేశంలో రెండు రోజులు ఉండాలనుకున్నాను. పెళ్లి జరిగే దేశానికి అపాయింట్‌మెంట్ స్లాట్లు దొరకలేదు. నాకు టెన్షన్ మొదలైంది. ఏజెంట్ దగ్గరికి వెళితే ఆయన కంప్యూటర్ లోంచి తల ఎత్తకుండానే పరిష్కారం చెప్పేశాడు.

"మేడమ్, పక్క దేశానికి వచ్చే వారమే స్లాట్ ఉంది. వీసా ఎవరిచ్చినా అన్ని దేశాల్లో తిరగొచ్చు కదా. ఏడు రోజులు ఇక్కడ, రెండు రోజులు అక్కడ అని తిప్పి రాద్దాం. పెళ్లి మాట ఎత్తకండి. టూరిజం అని పెడదాం, నీట్‌గా ఉంటుంది."

ఆయన చెప్పిన దాంట్లో సగం నిజమే. షెంగెన్ వీసా ఒక దేశం ఇస్తే మిగతా దేశాల్లోనూ చెల్లుతుంది. కానీ ఏ దేశాన్ని అడగాలన్నది మన ఇష్టం కాదు. ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటామో, లేదా ప్రయాణానికి అసలు కారణం ఎక్కడుందో ఆ దేశాన్నే అడగాలి. రెండు చోట్లా సమానంగా ఉంటేనే మొదట అడుగుపెట్టే దేశం లెక్కలోకి వస్తుంది. ఆ మిగతా సగం నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. డబ్బు కట్టకుండా బుక్ చేసే హోటళ్లు ఏడు రాత్రులకు తీశాం. విమానం టికెట్ మాత్రం నిజందే పెట్టాం. దిగడం, తిరిగి ఎక్కడం రెండూ పెళ్లి జరిగే దేశంలోనే.

కౌంటర్ దగ్గర ఒకావిడ కాగితాలు తిరగేసి మామూలుగా అడిగింది. "ఈ ఊళ్లో ఏడు రోజులు ఏం చూస్తారు?" నాకు ఒక మ్యూజియం పేరు గుర్తొచ్చింది. రెండోది రాలేదు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. పది రోజులకు పాస్‌పోర్టుతో పాటు ఒక కాగితం వచ్చింది. అందులో వరసగా నంబర్లు వేసిన కారణాలు, ఒకదాని పక్కన టిక్కు: ప్రయాణ ఉద్దేశం గురించి, బస గురించి ఇచ్చిన సమాచారం నమ్మదగ్గదిగా లేదు.

ఏడు రోజుల పెళ్లి ప్రయాణానికి నాకు వీసా వచ్చే అవకాశం బాగానే ఉండేది. ఉద్యోగం ఉంది, డబ్బుంది, ఆహ్వానపత్రం ఉంది. ఉన్న నిజాన్ని పక్కనపెట్టి లేని అబద్ధం అల్లుకున్నాను, అదీ స్లాట్ త్వరగా దొరుకుతుందని. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికెవడో. వాడికి కనీసం కల్లు తాగాలన్న అసలు కారణం దాచుకోవాల్సినంత చెడ్డది. నాది అదీ కాదు.

అందుకే ఇప్పుడు ఎవరైనా నన్ను "ఏ వీసా అయితే ఈజీగా వస్తుంది?" అని అడిగితే జవాబు చెప్పను. ఆ ప్రశ్నే తప్పు. అక్కడికెళ్లి ఏ రోజు ఏం చేస్తావు, ఆ ఖర్చు ఎవరు పెడతారు, చేసినందుకు నీకు ఎవరైనా ఏమైనా ఇస్తారా? ఈ మూడింటికి జవాబులు రాస్తే వీసా రకం చాలావరకు దానంతటదే తేలిపోతుంది. మన మనసులో వీసా అంటే ఒక దేశంలోకి వెళ్లే గేట్ పాస్. ఇచ్చేవాళ్ల దృష్టిలో అది ఒక ఒప్పందం: నేను వచ్చి ఫలానా పని చేస్తాను, ఫలానా పని చేయను, ఫలానా రోజుకు వెళ్లిపోతాను. పేరు మాత్రం టూరిస్ట్, బిజినెస్, స్టూడెంట్ అని రకరకాలుగా ఉంటుంది.

నిజానికి గేట్ పాస్ కూడా కాదు. లాటిన్‌లో 'కార్టా విసా' అంటే చూసిన కాగితం. ఎవరో చూసి సరేనన్నారు, అంతే. లోపలికి రానివ్వాలా వద్దా అన్నది దిగిన చోట ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు తేలుస్తాడు. వీసా ఉండీ విమానాశ్రయం నుంచే వెనక్కి పంపినవాళ్ల కథలు విన్నప్పుడు మనం దౌర్జన్యం అనుకుంటాం. కొన్నిసార్లు దౌర్జన్యమే. చాలాసార్లు మాత్రం సూట్‌కేసులో ఉన్న సర్టిఫికెట్ల కట్ట, ఫోన్‌లో ఉన్న మెసేజ్‌లు టూరిస్ట్ వీసా చెప్పని మాటేదో చెప్పి ఉంటాయి.

స్టిక్కర్ మీద ఉన్న తేదీలు చదవడం రాక ఇబ్బంది పడేవాళ్లు ఇంకా ఎక్కువ. అమెరికా విజిటర్ వీసా (బి1/బి2) పదేళ్లకు వచ్చిందని సంబరపడతాం. ఆ పదేళ్లు తలుపు తట్టడానికి ఇచ్చిన గడువు. లోపల ఎన్ని రోజులు ఉండాలన్నది ప్రవేశించినప్పుడు ఆఫీసరు వేసే ఐ-94 రికార్డులో ఉంటుంది, మామూలుగా ఆరు నెలలు. ఆన్‌లైన్‌లో రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. చూసుకోకుండా వీసా ఇంకా ఎనిమిదేళ్లుందని ధీమాగా కూర్చుంటే, 180 రోజులకు మించి అక్రమంగా ఉండి వెళ్లినవాళ్లకు మూడేళ్లు, ఏడాది దాటినవాళ్లకు పదేళ్లు మళ్లీ రానివ్వకుండా ఆపే చట్టం అక్కడ 1996 నుంచి ఉంది. బ్రిటన్ విజిటర్ వీసా కూడా పదేళ్లకు దొరుకుతుంది, కానీ ఒక్కో రాకకు ఆరు నెలలే.

షెంగెన్ లెక్క అన్నిటికన్నా గమ్మత్తు. ఏ 180 రోజులు తీసుకున్నా అందులో అక్కడ గడిపినవి 90 మించకూడదు. ఇది క్యాలెండర్ ఆరు నెలలు కాదు, మనతో పాటు రోజూ ముందుకు జరిగే కిటికీ. ఒక ఉదాహరణ వేసి చూస్తే గానీ నాకు బుర్రకెక్కలేదు. మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉన్నవాళ్లు జనవరి 1న వెళ్లి మార్చి 1 దాకా ఉన్నారనుకుందాం. లీపు సంవత్సరం కాకపోతే 60 రోజులు, వెళ్లిన రోజూ వచ్చిన రోజూ కలిపి. మళ్లీ మే 1న వెళితే మిగిలింది 30 రోజులు, మే 30 కల్లా బయటపడాలి. రెండు నెలలు ఖాళీగా ఉన్నాం కదా, మీటర్ సున్నాకి వచ్చేసి ఉంటుందిలే అనుకుంటారు చాలామంది. రాదు. జనవరి 1 ఆ కిటికీలోంచి జారిపడేది జూన్ 30న. అప్పటిదాకా కొత్తగా ఒక్క రోజు కూడా పుట్టదు. ఇదివరకు పాస్‌పోర్టులో స్టాంపులు అలుక్కుపోయి ఎవరూ లెక్కపెట్టరులే అన్న ధైర్యమైనా ఉండేది. 2025 అక్టోబర్ 12 నుంచి ఆ దేశాలు వేలిముద్రలు, ముఖం ఫోటో తీసుకుని రాకపోకలను కంప్యూటర్‌లో ఎక్కించే పద్ధతి మొదలుపెట్టాయి. కంప్యూటర్‌కి లెక్కలు బాగా వచ్చు.

అదే స్టిక్కర్ మీద ఎన్నిసార్లు రావచ్చో కూడా ఉంటుంది: ఒకటి, రెండు, లేదా మల్టిపుల్. సింగిల్ ఎంట్రీ వీసా పట్టుకుని మధ్యలో మూడు రోజులు లండన్ చూసొద్దామని బయల్దేరితే తిరిగి పారిస్‌లోకి రాలేరు, పారిస్‌లో ఇంకా నాలుగు రాత్రుల హోటల్ బుకింగ్ ఉన్నా సరే. బ్రిటన్, ఐర్లాండ్, సైప్రస్ షెంగెన్ కావు. యూరప్ మ్యాప్ ఒకటే గీత అనుకుని ప్లాన్ చేసేవాళ్లకు ఇది దారుణమైన దెబ్బ. ఫారంలో ఎన్ని ఎంట్రీలు కావాలో అడిగే గడి ఉంటుంది, మనమేమో దాన్ని ఏజెంట్‌కి వదిలేస్తాం.

ఇక పని సంగతి. అన్ని గొడవలూ ఇక్కడే ఉన్నాయి.

టూరిస్ట్ వీసా మీద పని చేయకూడదు. ఇంతవరకు అందరికీ తెలుసు. కానీ పని అంటే ఏమిటి? జీతం తీసుకుంటేనే పనా? హాస్టల్‌లో పొద్దున రెండు గంటలు పక్కలు సర్దితే రాత్రి పడక ఉచితం అనే ఏర్పాటుని కుర్రాళ్లు 'వలంటీరింగ్' అంటారు. చాలా దేశాల చట్టం దాన్ని పనే అంటుంది. డబ్బు చేతులు మారకపోయినా పడక మారింది కదా. పొలంలో సాయం చేసి తిండి తినడమూ అంతే. ఇలాంటి వెబ్‌సైట్లు ప్రపంచం చుట్టే ఆశతో ఉన్న ఇరవై ఏళ్ల పిల్లలకు స్వర్గంలా కనిపిస్తాయి, వీసా సంగతి మాత్రం కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అలా తిరగాలనుకునేవాళ్ల కోసమే ఆస్ట్రేలియా లాంటి దేశాలు వర్కింగ్ హాలిడే వీసాలు పెట్టాయి. వయసు పరిమితి ఉంటుంది, అన్ని దేశాల పాస్‌పోర్టులకూ దొరకదు. దొరికేవాళ్లు కూడా టూరిస్ట్ వీసా మీద పక్కలు సర్దుతుంటే నాకు నిజంగా ఆశ్చర్యం.

పిన్ని విషయంలో ఈ ప్రశ్న మా ఇంట్లోకే వచ్చింది. వాళ్లమ్మాయి బ్రిటన్‌లో ఉంటుంది, పురుడు దగ్గరపడింది. "నేను మనవడిని చూసుకోవడానికి వెళుతున్నానని రాయొచ్చా అమ్మా, అది ఆయా పని అంటారేమో" అని పిన్ని భయం. ఎవరో చెప్పారట, సైట్ సీయింగ్ అని రాస్తే మంచిదని. మోకాళ్ల నొప్పులతో పది అడుగులు వేయలేని మనిషి సైట్ సీయింగ్ అని రాయడం! బ్రిటన్ అధికారుల సొంత మార్గదర్శకాల్లోనే ఉంది: బంధువు కొద్దికాలం వచ్చి పిల్లల్ని చూసుకోవడం విజిటర్ వీసా మీద కుదురుతుంది, అది ఉద్యోగంలా ఆయా పని కాకూడదు, అంతే. కూతురి ప్రసవానికి సాయంగా వెళుతున్నాను అని రాసి, కూతురి ఉత్తరం, ఆస్పత్రి కాగితం జతచేశాం. వీసా వచ్చింది. వచ్చింది కాబట్టి మేం గొప్ప అనడం లేదు, రాకపోవచ్చు కూడా. కానీ కౌంటర్ దగ్గర పిన్నికి కట్టుకథ కంఠస్థం చేయాల్సిన పని తప్పింది.

లాప్‌టాప్ ప్రశ్న దీనికన్నా కొత్తది. మన ఊళ్లో కంపెనీకి, మన జీతానికి, ఇంకో దేశంలో హోటల్ గదిలో కూర్చుని పనిచేస్తే అది ఆ దేశంలో పనా? వీసా చట్టాలు రాసిన కాలంలో ఈ మనిషి లేడు. అందుకే ఒక్కో దేశం ఒక్కోలా తడుముకుంది. బ్రిటన్ 2024 జనవరి 31 నుంచి విజిటర్లు బయటి దేశంలోని తమ ఉద్యోగాన్ని దూరం నుంచి చేసుకోవచ్చంది, కాకపోతే రావడానికి అసలు కారణం అది కాకూడదు. కెనడా అయితే విజిటర్‌గా వచ్చి ఆరు నెలల దాకా బయటి కంపెనీకి పని చేసుకోవడానికి అభ్యంతరం లేదంటుంది. ఎస్టోనియా 2020లో డిజిటల్ నోమాడ్ వీసా అని విడిగా ఒకటి తెచ్చింది. స్పెయిన్ 2023లో, జపాన్ 2024లో ఆ దారి పట్టాయి. జపాన్ ఆరు నెలలకే ఇస్తుంది, ఏడాదికి కోటి యెన్‌లు సంపాదించేవాళ్లకే. చాలా దేశాలు ఏమీ చెప్పకుండా ఊరుకున్నాయి. చెప్పనిచోట "అందరూ చేస్తున్నారు" అన్నదే నియమంగా చలామణీ అవుతోంది. సెలవులో రెండు మెయిళ్లకు జవాబిస్తే ఎవరూ పట్టించుకోరు, అంతవరకు నాకూ తెలుసు. మూడు నెలలు అద్దెకు ఇల్లు తీసుకుని రోజూ ఎనిమిది గంటలు పనిచేస్తూ టూరిస్టునని చెప్పుకోవడం వేరు. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందో ఎవరికి వారికి లోపల తెలిసే ఉంటుందని నా అనుమానం.

ఉపన్యాసానికి పిలిచి చిన్న పారితోషికం ఇస్తామన్నా ఇదే చిక్కు. దీనికి కొన్ని దేశాల్లో ముచ్చటగా కచ్చితమైన నియమాలున్నాయి. అమెరికాలో బి-1 మీద వచ్చినవాళ్లు విశ్వవిద్యాలయం లాంటి సంస్థలో మాట్లాడి గౌరవ పారితోషికం తీసుకోవచ్చు. కానీ ఒక సంస్థలో తొమ్మిది రోజులకు మించకూడదు, ఆరు నెలల్లో ఐదు సంస్థలకు మించి తీసుకోకూడదు. బ్రిటన్‌లో నిపుణులు ముందే ఖాయమైన ఆహ్వానం మీద వచ్చి డబ్బు తీసుకుని ప్రసంగించవచ్చు, దిగిన 30 రోజుల్లోపు ఆ పని అయిపోవాలి. వీసా రకాలు మనల్ని ఇరికించడానికే ఉన్నాయనుకునేవాళ్లు ఇలాంటివి చదవాలి. ఎవరో ఒకరు కూర్చుని ఇంత చిన్న సందర్భానికి కూడా దారి వేసి పెట్టారు. ఆ దారి ఉందని తెలియక మనం గోడ దూకుతాం.

మూడు నెలలు భాష నేర్చుకుందామని వెళ్లేవాళ్లకూ ఒకే జవాబు లేదు. కెనడాలో ఆరు నెలల్లోపు కోర్సుకి స్టడీ పర్మిట్ అక్కర్లేదు, ఆస్ట్రేలియా విజిటర్ వీసా మీద మూడు నెలల దాకా చదవనిస్తుంది, అమెరికా మాత్రం సరదాగా నేర్చుకునే చిన్న క్లాసు తప్ప డిగ్రీకి పనికొచ్చే చదువేదీ బి వీసా మీద చేయనివ్వదు.

ఇప్పుడు నాకు ఒళ్లు మండించే సలహా దగ్గరికి వద్దాం. "ముందు టూరిస్ట్ వీసా మీద వెళ్లిపో, అక్కడికెళ్లాక మార్చుకోవచ్చు." ఈ మాట అనేవాళ్లు ఎప్పుడూ ఆ మార్చుకోవడం ఎలాగో చెప్పరు. బ్రిటన్‌లో విజిటర్‌గా వచ్చినవాళ్లు లోపల ఉండి ఇంకో రకానికి మారలేరు, తిరిగి వెళ్లి దరఖాస్తు చేయాల్సిందే. పెళ్లి చేసుకోవడానికి వచ్చేవాళ్లకు కూడా అక్కడ మామూలు విజిటర్ వీసా పనికిరాదు, దానికి వేరే వీసా ఉంది. ఆస్ట్రేలియా కొన్ని విజిటర్ వీసాల మీద 8503 అనే షరతు వేస్తుంది, దాని అర్థం ఈ దేశంలో ఉండగా ఇంకో వీసా అడగడానికి వీల్లేదని. నాలుగంకెలే కదా అని చాలామంది అది చదవనే చదవరు. అమెరికాలో స్టేటస్ మార్చుకునే దరఖాస్తు ఉంది నిజమే. కానీ దిగిన 90 రోజుల్లోపు వీసాలో చెప్పినదానికి విరుద్ధమైన పని చేస్తే, మొదటి నుంచీ అబద్ధమే చెప్పారని కాన్సులర్ ఆఫీసర్లు అనుకోవడానికి వాళ్ల నియమావళే వీలిస్తుంది.

అసలు అమెరికా వలస చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్ ఉంది. దాని ప్రకారం వీసా అడిగే ప్రతి మనిషీ అక్కడే స్థిరపడిపోతాడన్నది మొదటి ఊహ. కాదని నిరూపించుకోవాల్సింది మనం. హెచ్-1బి, ఎల్-1 ఉద్యోగ వీసాల్లాంటి కొన్నిటికే ఇందులోంచి మినహాయింపు. మన మీద ముందే అంత అనుమానం ఉన్నచోట, దానికి సాక్ష్యం మన చేత్తో మనమే సమకూర్చి పెట్టడం దేనికి?

దీనికి ఎదురుమాట నాకు తెలుసు. చాలాసార్లు విన్నాను, నేనూ అన్నాను. ఈ వ్యవస్థే న్యాయమైంది కాదు, దానికి నిజాయితీ ఎందుకు? ఒక పాస్‌పోర్టు ఉన్నవాడు టికెట్ కొనుక్కుని విమానం ఎక్కేస్తాడు. ఇంకో పాస్‌పోర్టు ఉన్నవాడు ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్, జీతం కాగితాలు, ఆస్తి పత్రాలు, సెలవు మంజూరు ఉత్తరం పట్టుకుని తెల్లవారకముందే లైన్లో నిలబడతాడు. వీసా రాకపోయినా కట్టిన ఫీజు తిరిగి ఇవ్వరు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు యూరప్‌లో చాలా సరిహద్దులు పాస్‌పోర్టు లేకుండానే దాటేవారు. యుద్ధం పేరుతో వచ్చిన నిఘా యుద్ధం అయిపోయాకా పోలేదు. 1920లో నానాజాతి సమితి పారిస్‌లో దేశాలను కూర్చోబెట్టి పాస్‌పోర్టు ఎలా ఉండాలో ఒక నమూనా ఖాయం చేసింది. వందేళ్లు దాటింది, పుస్తకం ఇంకా అదే ఆకారంలో ఉంది.

ఇదంతా నిజమే. అన్యాయం మీద కోపం నాకూ ఉంది. కానీ ఫారంలో అబద్ధం రాస్తే దెబ్బతినేది వ్యవస్థ కాదు. మోసపూరిత సమాచారం ఇచ్చారని తేలితే బ్రిటన్ పదేళ్లు, కెనడా ఐదేళ్లు, ఆస్ట్రేలియా మూడేళ్లు తలుపు మూస్తాయి. అమెరికాలో ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప అది జీవితాంతం. షెంగెన్‌లో వేలిముద్రలూ నిరాకరణలూ అన్ని దేశాలకూ కలిపి ఒకే డేటాబేస్‌లో ఐదేళ్లు ఉంటాయి. ఒక కాన్సులేట్‌లో కాదంటే ఇంకో దాంట్లో ప్రయత్నిద్దాం అన్నవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పరు. బలం తక్కువ ఉన్న పాస్‌పోర్టు వాడికే రికార్డు శుభ్రంగా ఉండాల్సిన అవసరం ఎక్కువ. ఇది న్యాయం అనడం లేదు, లెక్క చెబుతున్నాను.

ట్రాన్సిట్ గురించి ఎవరూ ఆలోచించరు, అందుకే ఒక్క మాట. దేశం దాటి ఇంకో దేశానికి వెళ్లే దారిలో విమానం మారడానికి కూడా వీసా కావాల్సి రావచ్చు. అమెరికాలో దిగినవాళ్లెవరైనా ఇమ్మిగ్రేషన్ దాటాల్సిందే, రెండు గంటల్లో ఇంకో విమానం ఎక్కేవాళ్లయినా సరే. కాబట్టి సి-1 అనే ట్రాన్సిట్ వీసానో ఇంకోటో చేతిలో ఉండాలి. షెంగెన్ దేశాలు కొన్ని దేశాల వాళ్లను విమానాశ్రయం లోపల ఉండటానికే ఎ టైప్ వీసా అడుగుతాయి. అన్నిటికన్నా ప్రమాదం, డబ్బు మిగులుతుందని రెండు టికెట్లు విడివిడిగా కొనడం. మొదటి విమానం సామాను తీసుకోవడానికి బయటికి రావాలి, బయటికి రావడం అంటే ఆ దేశంలోకి ప్రవేశించడమే. నా స్నేహితుడు ఒకడు చవక టికెట్‌తో ఇలాగే చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ఆగిపోయాడు. విమానం కనిపిస్తూనే ఉందట, అద్దంలోంచి.

ఒక్కోసారి రెండు రకాలూ సరిపోయేలా ఉంటాయి. అప్పుడు నేను చేసేది, అసలు కారణం ఏదో దానికి తగ్గది తీసుకుని, రెండో పని కవర్ లెటర్‌లో దాచకుండా రాయడం. రెండు రోజుల మీటింగ్, తర్వాత ఐదు రోజులు తిరగడం అంటే ఎవరూ ఉలిక్కిపడరు. దగ్గరగా కనిపించే పనుల మధ్య చట్టం గీసిన గీత మాత్రం చూసుకోవాలి. సౌదీ అరేబియాలో టూరిస్ట్ వీసా మీద ఉమ్రా చేసుకోవచ్చు, హజ్ చేయకూడదు. ఊరు ఒకటే, యాత్రలు రెండు. కెనడాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు మామూలు విజిటర్ వీసాతో సాధారణంగా ఆరు నెలలు, సూపర్ వీసాతో 2022 నుంచి ఒక్కో రాకకు ఐదేళ్ల దాకా. సూపర్ వీసాకి ఆరోగ్య బీమా, పిల్లల ఆదాయం రుజువులు అదనం. రెండు నెలలు ఉండొచ్చే అమ్మానాన్నలకు ఆ కాగితాల మోత అక్కర్లేదు. పేరులో సూపర్ ఉందని పెద్దది తీసుకోవాలని లేదు.

ఏజెంట్లందరూ చెడ్డవాళ్లని నేను అనను. ఫారం నింపడంలో, కాగితాలు వరసలో పెట్టడంలో మంచివాళ్లు నిజంగా సాయపడతారు. కానీ ఏ రకం అన్న నిర్ణయం వాళ్లకు అప్పగించకూడదు. కింద సంతకం మనది, కౌంటర్ దగ్గర నిలబడేది మనం. ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ వీసా మీద ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అన్న పేజీ ఉంటుంది. చాలాసార్లు అది ఫీజు పేజీకన్నా చిన్నది. ప్రభుత్వానిదేనని నమ్మించే రంగులతో, వెతికితే మొదట కనిపించేలా డబ్బు కట్టి పెట్టే మధ్యవర్తి సైట్లున్నాయి కాబట్టి చిరునామా జాగ్రత్తగా చదవాలి. అర్థం కాకపోతే కాన్సులేట్‌కి మెయిల్ రాసి, వచ్చిన జవాబు ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోవాలి. జవాబు రాకపోవడం కూడా మామూలే, అది వేరే బాధ.

నా సంగతి చెప్పి ఆపేస్తాను. పెళ్లి అయిపోయింది, నేను ఫోన్‌లో చూశాను. తర్వాతి ఏడాది స్నేహితురాలిని చూడ్డానికి మళ్లీ దరఖాస్తు చేశాను, ఈసారి వాళ్ల దేశానికే, వీలైనంత ముందుగా. షెంగెన్‌కి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చని (2020 నుంచి అది ఆరు నెలలైంది) అప్పటికి తెలుసుకున్నాను. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే మొదటిసారి స్లాట్ల కోసం అంత పాకులాట ఉండేదే కాదు. పాత నిరాకరణ ఎందుకైందో ఒక పేజీ రాసి జతచేశాను. ఎన్ని రోజులు అడిగానో అన్ని రోజులకే, ఒక్కసారి వెళ్లి రావడానికి ఇచ్చారు.

ఈ నెలలో ఇంకో దేశం ఫారం నింపాను. ఆ ప్రశ్న వచ్చింది, టిక్కు పెట్టాను, పెట్టె తెరుచుకుంది. మొదట్లో అందులో స్లాట్ల గురించి, ఏజెంట్ గురించి, నా అమాయకత్వం గురించి రాసేదాన్ని. చోటు చాలేది కాదు. ఇప్పుడు దేశం పేరు, సంవత్సరం రాసి, 'నేను ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటానన్నది తప్పుగా చెప్పాను' అని రాస్తాను. ఇంకా సగం పెట్టె ఖాళీగానే ఉంటుంది.